మాట రాకముందూ, మాట వచ్చాకా: బొంబాయి తెరమీద ఇద్దరు తెలుగువాళ్లు



తెలుగు సినిమా చరిత్ర ఎవరు చెప్పినా తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' దగ్గర ఎత్తుకుంటారు. ఇంకాస్త వెనక్కి పోయేవాళ్లు రఘుపతి వెంకయ్యనాయుడుగారి దాకా, ఆయన కుమారుడు ప్రకాశ్ తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' దాకా వెళ్తారు. ఈ రెండింటి నడుమ బొంబాయిలో మూకీ సినిమాలకు కథానాయకుడైన తెలుగువాడు ఒకాయన ఉన్నారు. టాకీలు వచ్చాక కూడా ఆయన నిలబడ్డారు. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు తెరమీద కనిపిస్తూనే ఉన్నారు. దేశం ఆయనకు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చింది. అయినా విశాఖలో మా గోపాలపట్నం సెంటర్లో నిలబడి పదిమందిని అడిగితే ఆయన పేరు చెప్పేవాళ్లు ఒక్కరైనా దొరుకుతారని నమ్మకం లేదు. ఆ పేరు పైడి జైరాజ్.

ఇవాళ ఆయన గురించి మాట్లాడతాను. ఆయనతోపాటే మరొకరి గురించి కూడా చెప్పాలి. ఇంచుమించు అవే రోజుల్లో ఏలూరు దగ్గరి పల్లెటూరు నుంచి బొంబాయి చేరి, మూకీలో చిన్న వేషం వేసి, టాకీల పుట్టుకను దగ్గరుండి చూసిన మనిషి ఆయన. ఈ రెండో పేరు మీ అందరికీ తెలుసు. అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు, మనం పిలుచుకునే పేరుతో ఎల్.వి. ప్రసాద్. ఒకరి కథ చెబుతుంటే రెండోవారి కథ దానంతటదే వచ్చి కలుస్తుంది. సినిమాకు మాట రావడం అనే ఒకే సంఘటన ఈ ఇద్దరినీ రెండు దారుల్లో నడిపించింది. నాకు ముఖ్యమనిపించేది అదే.

జైరాజ్‌గారు 1909 సెప్టెంబరు 28న కరీంనగర్‌లో పుట్టారు. సరోజినీ నాయుడుగారి అత్తింటివైపు బంధువు. చదువు హైదరాబాదు నిజాం కాలేజీలో. ఆ కాలపు హైదరాబాదును ఒక్కసారి తలుచుకోండి. ఇంట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ, కాలేజీలో ఇంగ్లీషు. వీధిలోకి వస్తే ఇవన్నీ కలగలిసిపోయిన దక్కనీ. మూడు నాలుగు భాషలు చెవిన పడుతూ పెరిగిన కుర్రవాడు ఆయన. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీంతో పనుంది. పొడగరి, బలమైన ఒళ్లు, కోటేరు వేసిన ముక్కు. ఇరవయ్యో ఏట బొంబాయి వెళ్లారు. 1929లో 'జగ్‌మగ్‌తీ జవానీ' అనే మూకీలో చిన్న వేషం దొరికింది. ఆ మరుసటి ఏడే 'రసీలీ రాణి'లో మాధురి సరసన హీరో అయ్యారు.

సినిమా నటుడి పని అప్పుడు ఎలా ఉండేదో కొంచెం ఊహించుకుంటే తప్ప ఆ కుర్రవాడు సాధించింది మనకు అర్థం కాదు. మూకీ సినిమా తీసేటప్పుడు సెట్టు నిశ్శబ్దంగా ఉండేది కాదు. కెమెరా తిరుగుతుండగానే పక్కనుంచి డైరెక్టరు గట్టిగా అరుస్తూ చెప్పేవాడు: ఇటు చూడు, ఇప్పుడు కళ్లు దించు, కత్తి దుయ్యి, పరిగెత్తు. నటుడు వింటూనే చేసుకుపోవాలి. చాలాచోట్ల ఎండే దీపం. అద్దాలతో, తెల్లగుడ్డలతో ఎండను మొహంమీదికి మళ్లించేవారు. కెమెరా హ్యాండిల్‌ను చేత్తో తిప్పేవారు. దొంతర దొంతరగా సాహస కథలు, కత్తియుద్ధాలు, గుర్రపు స్వారీలు, గోడలు దూకడాలు. నటుడి శరీరమే నటుడి సంభాషణ. కోపం వస్తే భుజాల్లో తెలియాలి, ప్రేమ కలిగితే నడకలో తెలియాలి. మాట అవసరమైన చోట బొమ్మ ఆగి, తెరమీద అక్షరాల కార్డు పడేది. ఆ కార్డులమీద ఇంగ్లీషు, హిందీ, గుజరాతీ, ఉర్దూ పక్కపక్కనే ఉండేవి. మన ప్రాంతాలకు వస్తే హాల్లో ఒక మనిషి నిలబడి కథ చదివి వినిపించేవాడు. ఆ తర్వాత 'గుణసుందరి కథ'తో ఆంధ్రదేశాన్ని నవ్వించిన కస్తూరి శివరావుగారు తొలిరోజుల్లో చేసిన పని అదే. కాకినాడలో మూకీ సినిమాలకు వ్యాఖ్యానం చెబుతూ ఆయన సినిమాలోకి వచ్చారు.

అంటే ఏమైంది? నటుడు ఏ భాషవాడో ప్రేక్షకుడికి తెలియవలసిన అవసరమే లేదు. కరీంనగర్ కుర్రవాడు పంజాబులో హీరో, మన గోదావరి జిల్లాల్లోనూ హీరో. రూబీ మయర్స్ అనే అమ్మాయి, పూర్వం టెలిఫోన్ ఆపరేటరు, సులోచన అనే పేరుతో దేశమంతటికీ రాణి. 1921లో మద్రాసులో తీసిన మన 'భీష్మ ప్రతిజ్ఞ'లో ప్రకాశ్ తానే భీష్ముడి వేషం కట్టి, గంగాదేవి వేషం పెగ్గీ కాస్టెల్లో అనే ఇంగ్లీషు అమ్మాయి చేత వేయించారు. ప్రకాశ్ లండన్‌లో బార్కర్ స్టూడియోలో పని నేర్చుకుని వచ్చినవారు. గంగమ్మ నోరు విప్పనక్కర్లేదు గనుక ఆమెకు ఒక్క ముక్క తెలుగు రాకపోయినా ఇబ్బంది లేకపోయింది.

తెలుగు సినిమా చరిత్రను మాటతో మొదలుపెట్టడం నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. మాటతో మొదలుపెట్టగానే జైరాజ్ మనవాడు కాకుండా పోతాడు. మూకీకి భాష లేదు. భాష లేని చోట ఆయన్ని హిందీ నటుడు అనడానికి ఆధారమేమిటి? ఆ మూకీల కాలపు సినిమా అందరిదీ. అందులో మన వాటా మనం అడగలేదు, అంతే.

ఇక ప్రసాద్‌గారు. 1908 జనవరి 17న ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టారు. రైతు కుటుంబం. చదువుమీద కంటే నాటకాల మీద, ఊరికి వచ్చే మేళాల మీద మనసు ఎక్కువ. చిన్న వయసులోనే పెళ్లయింది. ఇంట్లో అప్పుల బాధ. ఒకనాడు ఎవరికీ చెప్పకుండా బొంబాయి రైలెక్కేశారు. అక్కడ ఎవరూ తెలియదు. హిందీ రాదు. వీనస్ ఫిలిం కంపెనీలో చిల్లర పనులు చేసే కుర్రాడిగా చేరారు. చెప్పిన పనల్లా చేయడం, ఖాళీ దొరికితే షూటింగు చూడటం. 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్' అనే మూకీలో ఒక చిన్న వేషం దొరికింది. ఆయన నటజీవితానికి అదే మొదలు.

ఇలా ఇద్దరు తెలుగువాళ్లు ఒకే నగరంలో ఉన్నారు. ఒకరు పోస్టర్‌మీద బొమ్మ, ఇంకొకరు గుంపులో మనిషి. ఈలోగా 1931 వచ్చింది.

మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమాలో 'ఆలం ఆరా' విడుదలైంది. ఆర్దేషిర్ ఇరానీగారి ఇంపీరియల్ ఫిలిం కంపెనీ తీసిన మొదటి టాకీ. జనం విరగబడి పోలీసులను పిలవవలసి వచ్చింది. ఆ సినిమా తీసిన తీరు వింటే రైలు పట్టాల పక్కన బతికే మా గోపాలపట్నంవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఇంపీరియల్ స్టూడియో రైలు మార్గం పక్కన ఉండేది. పగలంతా బళ్ల రాకపోకలు, కూతలు. మూకీలకు దానితో పనిలేదు. మైకు వచ్చాక ప్రతి కూతా సినిమాలో పడుతుంది. అందుకని రైళ్లు ఆగే అపరాత్రి వేళ, ఒంటిగంట నుంచి నాలుగు గంటల దాకా తీశారు. మైకులను సెట్టులో అక్కడక్కడ దాచిపెట్టారు. మాట, పాట, వాద్యం అన్నీ అక్కడికక్కడే, ఒకేసారి. నేపథ్యగానం అనేది అప్పటికి లేదు. ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి. వాద్యగాళ్లు కెమెరా కంటపడకుండా ఏ తెరచాటునో కూర్చుని వాయించాలి.

నిన్నటిదాకా గోడలు దూకిన నటుడు ఇప్పుడు మైకున్న చోట కదలకుండా నిలబడాలి. డైరెక్టరు అరవడం బంద్. ఎంత కొత్త పనో చూడండి. ఆ పని అందరికీ పట్టుబడలేదు. 'ఆలం ఆరా' హీరో మాస్టర్ విఠల్ అప్పట్లో సాహస చిత్రాలకు మకుటంలేని మహారాజు. శారదా స్టూడియో ఆయన్ని వదలనని కోర్టుకెక్కితే ఆయన పక్షాన వాదించింది మహమ్మదాలీ జిన్నా. అంతటి స్టారుకు హిందుస్తానీ పలకడం సరిగా వచ్చేది కాదు. మాట తక్కువయ్యేలా, ఆయన పాత్రను చాలాచోట్ల మత్తులో ఉన్నట్టు చూపించి గట్టెక్కారు. సులోచన ఒక ఏడాది పని మానుకుని భాష నేర్చుకుని మళ్లీ వచ్చారు. అలా కూర్చుని నేర్చుకోగల ఓపిక, వీలు అందరికీ ఉండవు. ఎందరో నటులు, ముఖ్యంగా ఆంగ్లో-ఇండియన్ అమ్మాయిలు, చప్పుడు లేకుండా తెరమీంచి తప్పుకున్నారు.

ఇంగ్లండులోనూ ఇదే గొడవ. 1929లో హిచ్‌కాక్ 'బ్లాక్‌మెయిల్'ను మూకీగా మొదలుపెట్టి మధ్యలో టాకీగా మార్చాడు. కథానాయిక ఆనీ ఓండ్రా చెక్ దేశపు అమ్మాయి. లండన్ పిల్ల వేషానికి ఆమె ఉచ్చారణ ఒప్పదు. జోన్ బ్యారీ అనే నటి కెమెరాకు కనిపించకుండా పక్కన నిలబడి మాటలు చెబితే, ఓండ్రా పెదవులు కదిపింది. ఇంకోవైపు రొనాల్డ్ కోల్మన్ ఉన్నారు. ఇంగ్లండులో పుట్టి, మొదటి ప్రపంచయుద్ధంలో 1914లో గాయపడి, నాటకాల్లో ఆడి, హాలీవుడ్ వెళ్లారు. 1923లో 'ది వైట్ సిస్టర్'తో మూకీ స్టారయ్యారు. 'బో జెస్ట్' మరింత పేరు తెచ్చింది. 1929లో 'బుల్‌డాగ్ డ్రమండ్' ఆయన మొదటి టాకీ. అందులో ఆయన నోరు విప్పగానే జనానికి కొత్త నటుడు దొరికినట్టయింది. సన్నగా, తొణక్కుండా, ఒక్కో మాటా విడివిడిగా వినిపించే ఆ గొంతు అంతకాలం మూకీల్లో వృథా అయిందా అనిపించింది. ఆ తర్వాతి ఇరవై ఏళ్ల కీర్తి ఆ గొంతుదే. 1947 నాటి 'ఎ డబుల్ లైఫ్'కు ఆస్కార్ కూడా వచ్చింది.    

జైరాజ్ కథను నేను కోల్మన్ కథ పక్కనపెట్టి చూస్తాను. ఇద్దరికీ మూకీలో దేహం అక్కరకొచ్చింది, టాకీలో గొంతు అక్కరకొచ్చింది. హైదరాబాదు ఉర్దూ గురించి ఇందాక గుర్తుంచుకోమన్నాను కదా. మరాఠీ, గుజరాతీ నటులు హిందుస్తానీ కోసం తడుముకుంటున్న రోజుల్లో తెలుగు ఇంట పుట్టిన ఈయనకు ఆ భాష చిన్ననాటి నుంచీ నోట నానింది. 1932లో 'షికారీ'తో టాకీల్లోకి వచ్చారు. అంతే, ఆగలేదు. 1938లో బాంబే టాకీస్‌వారి 'భాభీ' వచ్చింది. దాని దర్శకుడు ఫ్రాంజ్ ఓస్టెన్ అనే జర్మన్. 1943లో 'హమారీ బాత్'. దేవికారాణి చివరిసారి తెరమీద కనిపించిన సినిమా అది, ఆమెకు జంట జైరాజ్. 1946లో కె.ఎల్. సైగల్‌గారి 'షాజహాన్'లో ముఖ్యపాత్ర.

అక్కడినుంచి చారిత్రక పాత్రలు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాయి. అమర్‌సింగ్ రాథోడ్, పృథ్వీరాజ్ చౌహాన్, టిప్పు సుల్తాన్, చంద్రశేఖర్ ఆజాద్. రాజపుత్రుడు కావాలన్నా ఆయనే, మైసూరు నవాబు కావాలన్నా ఆయనే. ఆ గాంభీర్యం, తలపాగా కింద ఆ నిలువెత్తు నిలకడ మూకీ నాటి శిక్షణ అని నా అభిప్రాయం. మాట లేకుండా పాత్రను నిలబెట్టడం నేర్చుకున్నవాడికి మాట తోడైతే వచ్చే బరువు వేరు. టాకీలతోనే నటన నేర్చినవాళ్లు చాలామంది డైలాగుకు, డైలాగుకు మధ్య చేతులు ఏం చేయాలో తెలియక తంటాలు పడటం పాత సినిమాల్లో గమనించవచ్చు. జైరాజ్‌లో ఆ ఇబ్బంది కనబడదు. ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు కూడా ఆయన నటిస్తూనే ఉంటారు.

దర్శకత్వం కూడా చేశారు. 1951లో నర్గీస్‌తో 'సాగర్' తీశారు. ఇంగ్లీషు కవి టెన్నిసన్ రాసిన 'ఈనక్ ఆర్డెన్' కథ దానికి ఆధారం. సముద్రంమీదికి వెళ్లి తప్పిపోయిన నావికుడు ఎన్నో ఏళ్లకు తిరిగొచ్చేసరికి భార్య ఇంకొకరిని పెళ్లి చేసుకుని ఉంటుంది. విశాఖలాంటి రేవు పట్నంలో ఉన్నవాళ్లకు ఆ కథ గుండెకు తగులుతుంది. డబ్బు మాత్రం పోయింది. తర్వాత విదేశీ సినిమాలు. 1963లో గాంధీజీ హత్య నేపథ్యంగా వచ్చిన 'నైన్ అవర్స్ టు రామా'లో ఘనశ్యామ్ దాస్ బిర్లా వేషం, 1966లో ఎం.జి.ఎం. వారి 'మాయా'లో ఇంకో వేషం. 1980 సంవత్సరానికి ఫాల్కే అవార్డు. మూకీలు పదికి పైగా, అన్నీ కలిపితే నూటయాభైకి మించిన సినిమాలు. 2000 ఆగస్టు 11న బొంబాయిలో కన్నుమూశారు.

ఈ పట్టికలో తెలుగు సినిమా ఏదని మీరు అడుగుతారు. అక్కడే నా బాధంతా. ఆయన పేరు నిలబెట్టిన సినిమాల్లో తెలుగు సినిమా ఒక్కటీ లేదు.

ఎందుకు లేదో అర్థం కావాలంటే మళ్లీ ప్రసాద్‌గారి దగ్గరకు రావాలి. 'ఆలం ఆరా' తీస్తున్నప్పుడు ఆయన ఇంపీరియల్‌లో ఉన్నారు, అందులో చిన్న వేషాలు వేశారు. అక్కడే హెచ్.ఎం. రెడ్డిగారు పరిచయమయ్యారు. ఇరానీగారు దక్షిణాది టాకీల పనిని రెడ్డిగారికి అప్పజెప్పారు. 1931 అక్టోబరు 31న 'కాళిదాస్' విడుదలైంది. అదొక చిత్రమైన సినిమా. కథానాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడుతుంది, హీరో తెలుగులో జవాబు చెబుతాడు. జనం దాన్ని కూడా ఆనందంగా చూశారు. మద్రాసు సెంట్రల్ స్టేషన్లో రీళ్ల పెట్టె దిగితే ఊరేగింపుగా హాలుకు తీసుకెళ్లారట. అందులోనూ ప్రసాద్‌గారికి వేషం ఉంది. ఆ తర్వాత తెలుగులో 'భక్త ప్రహ్లాద'. 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో విడుదల. అందులో చండామార్కుల దగ్గర చదువుకునే మొద్దబ్బాయి ప్రసాద్‌గారే. హిందీ, తమిళ, తెలుగు భాషల మొదటి టాకీలు మూడింటిలోనూ నటించినవారు ఆయన ఒక్కరే.

'భక్త ప్రహ్లాద' పాత్రధారులను చూడండి. లీలావతి సురభి కమలాబాయి, హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, ప్రహ్లాదుడు సింధూరి కృష్ణారావు. అందరూ నాటకాలవాళ్లు, సురభివాళ్లు. మూకీ హీరో ఒక్కడూ లేడు. కారణం పద్యం. మన నాటకం పద్యం మీద నిలబడింది. రాగం తీసి, ఊపిరి బిగబట్టి, వెయ్యిమంది హాలు చివరిదాకా వినబడేలా పద్యం పాడగలిగినవాడే తెలుగులో నటుడు. ఆ రోజుల్లో మైకు ముందు ఎవరి పాట వాళ్లే పాడాలి. ఇంక ఎవరిని తీసుకుంటారు? బొంబాయిలో కత్తియుద్ధాల హీరో ఎంత అందగాడైనా పద్యం పాడలేకపోతే తెలుగు టాకీకి పనికిరాడు. ఆ తర్వాతి పదేళ్లూ అదే తీరు. వేమూరి గగ్గయ్య, అద్దంకి శ్రీరామమూర్తి, సి.ఎస్.ఆర్. అందరూ రంగస్థలం నుంచే వచ్చారు. మన విశాఖలోనే ఆంధ్రా సినీటోన్ 1938లో 'భక్త జయదేవ' తీసింది. అందులోనూ సురభి కమలాబాయిగారే ఉన్నారు. స్టూడియో మన ఊళ్లో ఉన్నా నటీనటులు నాటక సమాజాల నుంచే రావలసి వచ్చింది.

సినిమాకు మాట వచ్చి భాషల మధ్య గోడలు కట్టింది. జైరాజ్ గోడకు అవతల మిగిలిపోయారు. అక్కడ బాగానే గడిచింది, గౌరవం దక్కింది. ఇవతల ఉన్న మనం ఆయన్ని మరిచిపోయాం.

ప్రసాద్‌గారికి మాట వేరే విధంగా పనికొచ్చింది. ఆయన హీరో కాలేదు, పద్యాల నటుడూ కాదు. మూడు టాకీల సెట్లమీద చిన్న వేషాలతో నిలబడి, మైకు ఎక్కడ దాస్తున్నారో, కెమెరా ఎందుకు కదలడం లేదో, నటుడు ఎక్కడ తడబడుతున్నాడో చూస్తూ ఉన్నారు. సహాయ దర్శకుడిగా ఏళ్ల తరబడి పనిచేశారు, పృథ్వీరాజ్ కపూర్‌గారి నాటక సమాజంలో కూడా ఉన్నారు. 1946లో 'గృహప్రవేశం'కు దర్శకత్వం చేసి, భానుమతిగారి సరసన తానే నటించారు. 1949లో 'మనదేశం' తీస్తూ పోలీసు ఇన్‌స్పెక్టరు వేషానికి ఎన్.టి. రామారావును పరిచయం చేశారు. 1950లో 'షావుకారు', 1955లో 'మిస్సమ్మ'.

'షావుకారు'లో పక్కపక్క ఇళ్లవాళ్లు గోడమీంచి మాట్లాడుకునే తీరు గుర్తు తెచ్చుకోండి. 'మిస్సమ్మ'లో మేరీ విసుగు, ఎం.టి. రావు ఓర్పు. ఆ పాత్రలు పద్యనాటకంలా వెయ్యిమందికి వినబడేలా అరవవు. ఎదురుగా ఉన్న ఒక్క మనిషితో మాట్లాడతాయి. చక్రపాణిగారి కలం ఉంది, నిజమే. కానీ ఆ మాటను నటుల చేత అలా పలికించిన చెవి ప్రసాద్‌గారిది. టాకీ పుట్టిన మొదటి రాత్రుల్లో మైకు పక్కన నిలబడిన మనిషికి, మైకు ముందు అరవనక్కర్లేదని అందరికంటే ముందు తెలుసు. తెలుగు టాకీ తెలుగువాళ్లలా మాట్లాడటం నేర్చింది ఆయన దగ్గరే అంటే ఎవరైనా ఒప్పుకుంటారనుకుంటాను.

ఆయన సంపాదించినదాన్ని ఏం చేశారో విశాఖవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గోపాలపట్నం నుంచి సింహాచలం, అడవివరం మీదుగా వెళ్తే హనుమంతవాక దగ్గర ఆయన పేరుమీద కంటి ఆసుపత్రి ఉంది. 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదులో ఆ సంస్థను స్థాపించినప్పుడు ప్రసాద్‌గారి కుటుంబం అయిదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. విశాఖ శాఖ 2006లో వచ్చింది. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పొద్దున్నే బస్సులు దిగి వరుసలో కూర్చునేవాళ్లలో చాలామందికి ఎల్.వి. ప్రసాద్ అంటే ఒక పెద్ద డాక్టరు. ఆ పేరు గలాయన 'ఆలం ఆరా'లో నటించారని అక్కడ ఒక్క గోడమీద రాసిపెడితే ఎంత బావుంటుంది.

ఇప్పుడు ఈ నటులను చూద్దామంటే ఏం దొరుకుతుంది? మన దేశంలో తీసిన మూకీ సినిమాలు సుమారు 1300. అందులో పూర్తిగానో ముక్కలుగానో మిగిలినవి కొన్ని పదులు. అప్పటి ఫిలిం నైట్రేటు ఫిలిం. ఇట్టే అంటుకునేది, ఉక్కకు పాడైపోయేది. చాలా రీళ్లను వెండి కోసం కరిగించేశారు కూడా. ఫిలింమీద పూతలో వెండి ఉంటుంది మరి. సినిమా ఆడటం అయిపోయాక ఆ రీలు నిర్మాతకు ఒక బరువు, వెండి వ్యాపారికి సరుకు. 'ఆలం ఆరా' లేదు. 'భక్త ప్రహ్లాద' కూడా లేదు. తెలుగు మొదటి టాకీని ఇవాళ ఎవరూ చూడలేరు. కమలాబాయి గొంతు అందులో ఎలా పలికిందో మనం వినలేం. ఒక రాజుగారి శాసనం ముక్క దొరికితే మ్యూజియంలో పెడతాం, అందుకు సంతోషమే. మన తొలి టాకీ పోయిన సంగతి మాత్రం మనలో చాలామంది పట్టించుకోలేదు.

ఆ కాలపు మనుషుల నటనను లెక్కగట్టడానికి మిగిలినవి కరపత్రాలు, పాటల పుస్తకాలు, పత్రికా ప్రకటనలు, ఒకటీ అరా స్టిల్ ఫొటోలు. సినిమా హాలు బయట అణాకు అమ్మిన పాటల పుస్తకంలో కథాసంగ్రహం, పాత్రధారుల పేర్లు, పాటలు ఉండేవి. తెలుగు టాకీల తొలి పదేళ్ల గురించి మనకు తెలిసినదాంట్లో సగం అక్కడిదే. మీ ఇంట్లో అటకమీద తాతగారి ట్రంకుపెట్టె ఉంటే ఒకసారి తెరిచి చూడండి. పాత కాగితాలవాడికి వేసేముందు అట్ట లేని ఒక పాటల పుస్తకమైనా చేతికి తగులుతుందేమో. తగిలితే దాన్ని పూణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చేర్చండి, లేదా దగ్గర్లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇవ్వండి.

జైరాజ్‌ను చూడాలనుకునేవారు 1946 నాటి 'షాజహాన్' చూడండి. సైగల్ పాటల కోసం జనం దాన్ని ఇప్పటికీ చూస్తారు. ఈసారి జైరాజ్ కోసం చూడండి. ఆయన మాట్లాడేటప్పుడు కాదు, మాట్లాడకుండా ఉన్నప్పుడు చూడండి. ప్రసాద్‌గారి నటన కావాలంటే 'అమావాస్య చంద్రుడు' ఉంది. తమిళంలో 'రాజపార్వై', 1981, సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వం, కమలహాసన్ హీరో. అందులో మాధవి తాతగారిగా తెల్లజుట్టుతో కనిపించేది ఆయనే. అప్పటికి ఆయనకు డెబ్బై మూడేళ్లు. అందులో హీరో కళ్లు కనబడని సంగీత కళాకారుడు. మనవరాలి ప్రేమను అర్థం చేసుకునే ఆ తాత ఎక్కడా గొంతు పెంచడు. మరుసటి ఏడాదికి ప్రసాద్‌గారికి ఫాల్కే అవార్డు వచ్చింది. జైరాజ్‌గారికి వచ్చింది 1980కి, ఈయనకు 1982కి.